ఎరుపంటిన చేతులు

మొన్న ఆయుధపూజ నాడు పొద్దున్నే జ్వరంతో వచ్చిన ఒకాయన, మా ల్యాబులో రక్తం తీసే కుర్చీలో కూర్చోబోయి మళ్ళీ లేచి నిలబడ్డాడు. చొక్కా చెయ్యి అప్పటికే పైకి మడుచుకుని ఉన్నాడు. చెయ్యి చాపి పెట్టుకునే రెక్సిన్ దిండు మీద ఉన్న ఎర్రటి మరకను వేలితో చూపించాడు.

"ఏందమ్మా ఇది? ఒగరి రక్తం తుడవకుండానే ఇంగొగర్ని కూచోబెడ్తారా?"

"రక్తం కాదన్నా, రంగు. పట్టుచీరలకు వేసేది."

ఆయన నమ్మలేదు. పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చెయ్యి ఒళ్ళో పెట్టుకునే రక్తం ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆయన్ని అని లాభం లేదు. రక్తం తీసేచోట ఎర్రటి మరక కనిపిస్తే ఎవరైనా అదే అనుకుంటారు. స్పిరిట్‌తో రుద్దాను, బ్లీచింగ్ పెట్టి రుద్దాను, పోలేదు. కొత్త రెక్సిన్ వేయిద్దామని మా ఆయన రెండుసార్లు అన్నాడు. ఇంకా గట్టిగానే ఉంది గదా అని నేనే వాయిదా వేస్తూ వచ్చాను. దిండు గట్టిదనం సంగతి కాదని మా ఆయనకూ తెలుసు, అందుకే మూడోసారి అడగలేదు.

ఆ మరక చేసిన మనిషి మా ధర్మవరంలో పట్టుకు రంగులు వేసేవాడు. పేరు మా రిజిస్టరులో ఉంది, ఇక్కడ అక్కర్లేదు. నేను మామా అనేదాన్ని, ఆయన నన్ను పాపా అనేవాడు. నాకు నలభై దాటి, జుట్టుకు నేనే రంగు వేసుకునే రోజులు వచ్చినా పాపనే. ఆ జుట్టు రంగు కూడా బాగాలేదనే చెప్పేవాడు.

సంవత్సరానికి ఒక్కసారి, సరిగ్గా ఆయుధపూజ నాడు వచ్చేవాడు. ఆ రోజు మా ఊళ్ళో మగ్గాలు ఆగుతాయి, రంగుల షెడ్లలో పొయ్యిలు ఆర్పుతారు. తొట్లు కడిగి బోర్లించి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి దండం పెడతారు. ఆ పని ముగించుకుని పరగడుపునే మా దగ్గరికి. "తొట్లకు పూజ చేసినా పాపా. ఇంగ ఈ తొట్టి మిగిలింది," అని పొట్ట మీద తట్టుకునేవాడు. మనిషి సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి ఉండేవాడు. పదిహేనేళ్ళ వయసు నుంచీ వంగి తొట్లలో చూసిన వంపు అది. చేతులు మాత్రం మణికట్ల దాకా ఎరుపు. పెళ్ళిళ్ళకు మా ఊరి చీరల్లో ఎక్కువ అడిగేది ఎరుపే కాబట్టి ఆయన చేతులు మరో రంగులోకి మారే వ్యవధి ఎప్పుడూ దొరకలేదు. గోళ్ళయితే మరీ ముదురు. సబ్బుతో కడుక్కునే వచ్చేవాడు, అయినా చెమటకు దిండు మీద కొంత దిగేది. ఏటా అదే చోట.

మొదటిసారి వచ్చినప్పుడు ఆయన నాకు ఒళ్ళు మండించాడు. పూజ కదా అని నేను మంచి వంకాయ రంగు పట్టుచీర కట్టుకుని ఉన్నాను. కొత్తగా వచ్చినవాళ్ళు ముందు ఎంతవుతుందని అడుగుతారు, లేకపోతే నొప్పిగా ఉంటుందా అని అడుగుతారు. ఈయన కుర్చీలో కూర్చుని నా కొంగు కేసి చూస్తూ, "ఎవురమ్మినారు పాపా నీకు ఈ చీర?" అన్నాడు.

"ఏం మామా, బాగాలేదా?"

"కొంగు ఒగ తొట్టిది, ఒళ్ళు ఒగ తొట్టిది. రెండో తొట్టి కలిపినాయప్ప ఎండలోకి పోయి చూడల్యా."

మూడేళ్ళుగా ముచ్చటపడి కట్టుకుంటున్న చీర. "నువ్వు రక్తం ఇచ్చేకి వచ్చినావా, చీర బేరానికి వచ్చినావా?" అన్నాను.

ఆయన నవ్వాడు. "కోపమెందుకు పాపా, కట్టుకో. నీ కంటికి అగపడల్యా అంటే నీకు ల్యానట్లే."

ఆ మధ్యాహ్నం మేడ మీదికి పోయి, కొంగునూ కుచ్చిళ్ళనూ ఎండలో పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. తేడా ఉంది. కొంగు ఒక పిసరు ఎర్ర వంకాయ, ఒళ్ళు ఒక పిసరు నీలి వంకాయ. ఒకసారి కనిపించాక ఇక కనిపించకుండా పోలేదు. ఆ చీర మళ్ళీ నేను కట్టలేదు, మా ఆడపడుచుకు ఇచ్చేశాను. ఆమెకు నేనేమీ చెప్పలేదు, ఆమె హాయిగా కట్టుకుంటోంది.

నీళ్ళ విషయంలోనూ ఇదే వరస. మా ల్యాబులో తాగడానికి పెట్టిన నీళ్ళ క్యాను నుంచి గ్లాసెడు పట్టుకుని, పుక్కిట పెట్టి, కాసేపు ఆలోచించి, "ఉప్పు నీళ్ళు పాపా. ఎరుపు వేస్తే నల్లబడ్తాది," అనేవాడు. నేను రంగులు వెయ్యను మామా, తాగేకి పెట్టుకున్నా అంటే, "తాగేదానికి పర్వాల్యా," అని మిగతాది తాగేసేవాడు. వానలు లేక బోర్లు లోతుకు పోయేకొద్దీ నీళ్ళు మారతాయట, నీళ్ళు మారితే రంగు మారుతుందట. పదేళ్ళ కిందటి నీళ్ళతో వేసిన ఎరుపును ఇప్పుడు వెయ్యమంటే ఎవడి వల్లా కాదని ఆయన వాదం.

ఒకసారి రిపోర్టు ఇవ్వడానికి నేనే ఆయన షెడ్డుకు పోయాను. రేకుల షెడ్డు, మూడు తొట్లు, కట్టెల పొయ్యిలు. గోడకు వరసగా మేకులు, ప్రతి మేకుకూ రంగురంగుల దారపు తునకలు. ఏ నేతగాడికి ఏ రంగు వేసి ఇచ్చాడో దాని తునక అక్కడ వేలాడాల్సిందే. మళ్ళీ అదే రంగు అడిగితే కొత్త కట్టలోంచి నాలుగు పోగులు తీసి, పాత తునక పక్కన పెట్టి, వాకిట్లో ఎండలోకి పోయి చూసేవాడు. ఆ రోజు నా ముందే ఒక నేతగాడు వచ్చి, ఈ ఎరుపు బాగుండాదా చూడన్నా అని ఒక కట్ట చేతికిచ్చాడు. ఈయన చూడకుండానే తిరిగిచ్చేశాడు.

"ఒంటిగా చూస్తే ఏ రంగైనా బాగానే ఉంటాదప్పా. పాతది యాడ? పక్కన పెడ్తేనే గదా ఇది ఎక్కిందో దిగిందో తెలిసేది."

తొట్టి దగ్గర మాత్రం వేరే పద్ధతి. నీళ్ళు మరుగుతుంటే కట్టె కొసతో ఒక చుక్క తీసి, తెల్లటి సాసరు మీద జారనిచ్చి చూసేవాడు. అది పాకే తీరును బట్టి పొడి ఇంకా వెయ్యాలో, మంట తగ్గించాలో చెప్పేసేవాడు. నాకూ చూపించాడు.

"ఇంత తొట్టిలో ఏముండాదో ఈ చుక్క చెప్తాది పాపా. నీదీ ఇదే పని గదా. తొట్టి నాది, చుక్క నీది."

ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, ల్యాబుకు కొత్త ఫ్లెక్సీ వేయించేటప్పుడు అదే రాయించాను. 'ఒక్క చుక్క రక్తం చాలు, ఒళ్ళంతా తెలుసుకోండి.' కింద ఒక నవ్వుతున్న కుటుంబం బొమ్మ. ఆ ఫ్లెక్సీ కట్టాక గిరాకీ పెరిగింది కూడా.

ఆయన ఏటా ఎందుకు వచ్చేవాడో చెప్పాలి. ఆయన అన్న మగ్గం నేసేవాడు, గొంతులో క్యాన్సర్ వచ్చి పోయాడు. తెలిసేసరికి ముదిరిపోయిందట. మంచినీళ్ళు కూడా దిగని నెలల్లో దగ్గరుండి చూసింది ఈయనే. ఆ జబ్బు పేరు ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. సూది దించేముందు ఇంకో చెయ్యి ఎత్తి నన్ను ఆపి, "పాపా, ఆ జబ్బు ఉండాదేమో బాగా చూడు," అనేవాడు. ట్యూబు నిండాక నా చేతిలోంచి తీసుకుని కిటికీ దగ్గరికి పోయి వెలుతురుకు ఎత్తి చూసేవాడు. "రంగు బాగుండాది," అని తానే సర్టిఫికెట్ ఇచ్చేవాడు. తర్వాత పక్కనున్న బండి దగ్గర ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిని, రిపోర్టు వచ్చేదాకా మా అరుగు మీద కూర్చునేవాడు.

రిపోర్టు చేతికిస్తూ నేను, "ఏం ల్యా మామా, అన్నీ నార్మల్," అనేదాన్ని.

"ఆ జబ్బు ల్యా?"

"ల్యా."

ఆ కాగితం తీసుకుని ఉగ్గాని బండాయనకూ, ఆటోస్టాండులో తెలిసినవాళ్ళకూ చూపించుకుంటూ పోయేవాడు. పాసైన పిల్లాడిలా ఉండేది ఆ నడక.

నాకు తెలియక అలా అన్నానా అంటే, కాదు. ఈ పనికి చదువుకునే వచ్చాను. మా మిషను రక్తంలో ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు లెక్కపెడుతుంది. ఇంకో మిషను చక్కెర ఎంత ఉందో, మూత్రపిండాలూ కాలేయమూ ఎలా పనిచేస్తున్నాయో చెబుతుంది. రక్తానికే వచ్చే కొన్ని క్యాన్సర్లలో కణాల లెక్కే తారుమారవుతుంది కాబట్టి అనుమానం రావచ్చు. పేగులోనో గొంతులోనో గడ్డ ఉంటే మాత్రం ఈ మామూలు పరీక్షల్లో ఏదీ వచ్చి ఇదిగో ఇక్కడ ఉందని చెప్పదు. క్యాన్సర్ మార్కర్లని విడిగా పరీక్షలున్నాయి, అవి కూడా ఉన్నవాడికి లేదనీ లేనివాడికి ఉందనీ చూపించగలవు. ఇదంతా నాకు తెలుసు. పొద్దున్నే పదిమంది పరగడుపున కూర్చుని ఉంటే ఇంత పాఠం చెప్పే ఓపిక ఉండదు. దానికన్నా పెద్ద కారణం, భయపడుతూ వచ్చిన మనిషి నా మాటతో నవ్వుతూ పోవడం నాకు బాగుండేది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను ఈ వాక్యం.

నాలుగో ఏడు ఆయుధపూజకు వచ్చినప్పుడు ఆయన ట్యూబును వెలుతురుకు ఎత్తి చూడలేదు. రక్తం ఇచ్చి కుర్చీలోంచి లేవలేదు కూడా. నీళ్ళు కావాలా మామా అంటే వద్దన్నాడు. ఎవరూ వినకుండా చూసుకుని మెల్లగా చెప్పాడు.

"నెల పైనాయ పాపా. దొడ్డికి పోతే ఒగోసారి నల్లగా పోతాది, ఒగోసారి ఎరుపు తగుల్తాది. తొట్టి కాడ రవ్వంతసేపు నిలబడితే దమ్ము వస్తాండాది."

"డాక్టరుకు చూపించినావా?"

"మన వీధి ఆరెంపీకి చూపించినా. గోళ్ళు చూసినాడు. ఎర్రగా బాగుండాయి, నీకు రక్తానికేం కొరత ల్యా, మొలలు అన్నాడు. మందిచ్చినాడు."

ఆ గోళ్ళు అక్కడే, నా ముందే, దిండు మీద ఉన్నాయి. నేనూ చూశాను. ముదురు కుంకుమ ఎరుపు. నాలుగేళ్ళుగా చూస్తున్న గోళ్ళే కదా అని నా కంటికి ఏమీ తోచలేదు.

"రక్తంలో ఏమన్నా ఉంటే తెలుస్తాది గదా పాపా?"

"తెలుస్తాది మామా."

అంతే. ఒక్క మాట. ఆ రోజు హిమోగ్లోబిన్ పదమూడు పాయింట్ ఒకటి వచ్చింది. మగవాళ్ళకు పదమూడుకు తగ్గితేనే మా మిషను ఆ అంకెను లావుగా, నల్లగా అచ్చుకొడుతుంది. కొట్టలేదు. నేను అలవాటుగా లావు అక్షరాల కోసం కాగితం పైనుంచి కిందికి చూసి, "అన్నీ నార్మల్," అన్నాను. ఆయన ముఖంలో బిగువు సడలడం నేను చూశాను. మడిచి జేబులో పెట్టుకుని ఉగ్గాని తినడానికి పోయాడు.

ఏడు నెలలకు, ఎండలు ముదిరిన రోజుల్లో, తొట్టి దగ్గరే తూలి పడ్డాడు. ఆయన భార్య, అంటే నేను అత్తా అనే ఆమె, ఆటోలో వేసుకుని తీసుకొచ్చింది. మళ్ళీ అదే కుర్చీ, అదే చెయ్యి. ఈసారి అంకె లావుగా నల్లగా వచ్చింది. ఏడు పాయింట్ తొమ్మిది. మిషను తప్పేమోనని రెండోసారి పెట్టాను. మళ్ళీ అదే. అప్పుడు మొదటిసారి ఆయన కింది రెప్ప లాగి చూశాను. లోపల కాగితంలా తెల్లగా ఉంది. వెంటనే అనంతపురం పొమ్మన్నాను. అక్కడివాళ్ళు రక్తం ఎక్కించి బెంగళూరు పంపించారు. పెద్దపేగులో గడ్డ, కాలేయానికి కూడా పాకి ఉంది.

బెంగళూరు నుంచి వచ్చిన నాలుగో రోజు ఆయన మా ల్యాబుకు వచ్చాడు. చంకలో ఆసుపత్రి ఫైలు. ఆయన వీధిలోనే ఆగి తల పైకెత్తి మా ఫ్లెక్సీని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదవడం లోపల నుంచి నాకు వినిపించింది. ఒక్క, చుక్క, రక్తం, చాలు. నేను బయటికి పోలేకపోయాను. సిరంజీల డబ్బా సర్దుతూ నిలబడ్డాను, అది సర్దే ఉంది.

లోపలికి వచ్చి కిటికీ దగ్గర బల్ల మీదున్న సామాను పక్కకు జరపమన్నాడు. జేబులోంచి నాలుగు కాగితాలు తీశాడు. నాలుగు ఆయుధపూజలవి. ఎండ పడేచోట ఒకదాని పక్కన ఒకటి పరిచి, ఎర్రటి గోటితో ఒక్కో కాగితం మీద అదే వరస చూపించాడు. పదహైదు పాయింట్ రెండు. పద్నాలుగు పాయింట్ నాలుగు. పదమూడు పాయింట్ ఆరు. పదమూడు పాయింట్ ఒకటి.

"దిగుతాండాది చూడు పాపా," అన్నాడు. "ఒగో ఏడు ఒగో మెట్టు. దేన్ని ఒంటిగా చూసినా బాగానే ఉండాది."

నాలుగు కాగితాలూ మా కంప్యూటర్లో ఉన్నాయి. ఒక్క నొక్కు నొక్కితే నాలుగూ వరసగా వస్తాయి. ఏనాడూ నొక్కలేదు.

"తప్పు నాది మామా," అన్నాను. అని ఏడ్చాను. చేతికి గ్లవుజు ఉంది, కళ్ళు తుడుచుకోవడానికి కూడా లేదు.

"నీదొగ్గదానిదే ఎట్లయితాది? నేనేం పని చేసేటోణ్ణి? నలభై ఏండ్లు పక్కన పెట్టి చూడందే ఒగ పోగు ఇచ్చినోణ్ణి కాదు. ఇవి మాత్రం ఏ ఏటికాయేడు మడిచి బీరువాలో పెడ్తి." కాగితాలు మడుస్తూ అన్నాడు, "ఆరెంపీ మీద కూడా కోపం పెట్టుకోవద్దు. బెంగళూరు డాక్టరు నా చేతులు చూసి నవ్వినాడు. ఈ చేతులు చూసి ఎవురూ ఏం చెప్పలేరు, రంగు కింద దాక్కున్నావు నువ్వు అన్నాడు."

ఆ డాక్టరు ఇంకా ఏమన్నాడని అడిగాను.

"ఈ మామూలు రక్తపరీక్షలు ఆ జబ్బును చూసేటివి కావంట. గొట్టం వేసి చూడల్లంట, ముక్క తీసి పరీక్ష చేయల్లంట. రక్తం దిగేది ఒగ గురుతంట, అంతే. ఎందుకు దిగుతాండాదో వెతుక్కుంటా పోతే ఆడికి చేరొచ్చంట."

"ముందే చూసింటే?"

"అదీ అడిగితి. చెప్పలేమన్నాడు. మంచోడు పాపా, అబద్ధం చెప్పల్యా."

ఆ చివరి మాట ఆయన నన్ను ఉద్దేశించి అనలేదు. ఆయనకు ఎత్తిపొడవడం చేతకాదు, ఏదైనా ఉంటే ముఖం మీదే అనేవాడు. అయినా నాకు తగలాల్సిన చోటే తగిలింది. మర్నాడు నేనే స్టూలెక్కి ఫ్లెక్సీ ఊడదీశాను. ఫ్లెక్సీ అంగడివాడు కొత్తది ఏం రాయమంటావక్కా అని ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. ఇప్పటికీ మా ల్యాబు పైన ఉత్త ఇనపచట్రమే ఉంది.

తర్వాత ఆయన రక్తం నేను చాలాసార్లు తీశాను. బెంగళూరులో కీమో ఎక్కించే ప్రతిసారీ ముందు కణాల లెక్క కావాలి. ఏడాదికోసారి వచ్చే మనిషి రెండు మూడు వారాలకోసారి వచ్చాడు. వచ్చినప్పుడల్లా కొత్త కాగితాన్ని పాతదాని పక్కన పెట్టించి, నా వేలే పట్టుకుని అంకెల మీద నడిపించి చూపించమనేవాడు. నన్ను మళ్ళీ బడిలో వేసినట్టు ఉండేది. నీళ్ళ క్యాను దగ్గర గ్లాసు పట్టుకుని పుక్కిట పెట్టి చాలాసేపు నిలబడి, "నోరు చచ్చిపోయింది పాపా, ఏ నీళ్ళో తెలీడం ల్యా," అన్న రోజు నేను ముఖం తిప్పుకున్నాను.

షెడ్డు అత్త నడుపుతోంది. ఆయన్ని తొట్టి దగ్గరికి రానిచ్చేది కాదు. అందుకని గోళ్ళు మారసాగాయి. మొదలు దగ్గర సన్నటి తెల్ల గీత కనిపించింది. వచ్చినప్పుడల్లా ఆ తెలుపు కాస్త ముందుకు జరిగేది, ఎరుపు కొసకు పోయేది. ఆయన కూడా గమనిస్తూనే ఉన్నాడు. చివరిసారి వచ్చినప్పుడు రెండు చేతులూ దిండు మీద వెల్లకిలా, బోర్లా తిప్పి చూపించాడు. ఎక్కడా రంగు లేదు.

"పదహైదేండ్లప్పుడు తొట్టిలో పెట్టిన చేతులు. నాయివి ఎట్లుంటాయో నాకే తెలీదు పాపా, ఇప్పుడు చూస్తాండా."

తెల్లగా, పలచగా, పచ్చటి నరాలతో ఉన్నాయి. ఎవరు చూసినా ఒక్క చూపులో చెప్పగలిగేంత తెల్లగా ఉన్నాయి. ఆ రోజు దిండు మీద కొత్తగా మరక పడలేదు.

శివరాత్రి దాటాక పోయాడు. నేను పోయి అత్త పక్కన కూర్చుని వచ్చాను. చెప్పాలనుకున్నది నోటిదాకా వచ్చింది. చుట్టూ మనుషులు ఉన్నారని నాకు నేను చెప్పుకున్నాను. ఆ తర్వాత మనుషులు లేనప్పుడు కూడా పోలేదు. ఆమె అంగడి వీధిలో ఎదురైతే ఏదో ఒక పని గుర్తొచ్చినట్టు పక్కకు తిరిగేదాన్ని. ఏడు నెలలు అలాగే గడిపాను.

మొన్న ఆయుధపూజ నాడు, మరక చూసి లేచిపోయిన ఆ జ్వరం మనిషి వెళ్ళిన కాసేపటికి అత్త వచ్చింది. పరగడుపునే వచ్చింది, నుదుట ఇంకా తడి ఆరని కుంకుమ. "తొట్లకు పూజ చేసి వస్తాండా పాపా. ఈ పొద్దు ఒగటే కదా నాకు తీరేది," అంది. నేరుగా పోయి ఆ కుర్చీలోనే కూర్చుంది. చెయ్యి చాపబోయి మరకను చూసింది. అదేమిటని అడగలేదు. దాని మీద రెండు వేళ్ళు ఆనించి కాసేపు ఉంచింది. ఆ చెయ్యి మణికట్టు దాకా ఎరుపు, గోళ్ళు ముదురు ఎరుపు.

కొంగు ముడి విప్పి ఒక పాత కాగితం తీసిచ్చింది. రెండేళ్ళ కిందట ఏదో క్యాంపులో చేయించుకున్న రిపోర్టు. "మీ మామ చెప్పిపోయినాడు, ఒంటి కాగితం చూపిస్తే ఒప్పుకోవద్దని. దీని పక్కన పెట్టి చూడు."

నేను ఆమె గోళ్ళు చూడలేదు. వంగి కింది రెప్ప లాగి చూశాను. ఆకలి ఎట్లుంది, దొడ్డికి ఎట్ల పోతాంది, బరువేమైనా తగ్గినావా అని ఒక్కొక్కటే అడిగాను. ఇదంతా డాక్టర్లు అడగాల్సింది, నాకు తెలుసు. అడిగి, ఏదన్నా ఉంటే డాక్టరు దగ్గరికి పంపడం నా చేతనవుతుంది. ఆమె అన్నిటికీ ఓపికగా జవాబిచ్చింది. నేను చేతికి రబ్బరు పట్టీ కట్టి దూది తీస్తుంటే, ఆయన గొంతులోంచి వచ్చినట్టే వచ్చింది ఆ ప్రశ్న.

"ఆ జబ్బుంటే దీంట్లో తెలుస్తాదా పాపా?"

"తెలీదత్తా," అన్నాను. "ఇది దానికి చేసే పరీక్ష కాదు. ఇందులో అన్నీ బాగుండాయని వచ్చినా, నీ ఒంట్లో తేడా అనిపిస్తే డాక్టరు కాడికే పోవల్ల. నా కాగితం చూసి ఆగిపోవద్దు." అని, ఇంక ఆగలేక మిగతాది కూడా చెప్పేశాను. "మామ కూడా ఇదే అడిగినాడు. తెలుస్తాదని చెప్పినా నేను. ఆయప్ప నా మాట నమ్మి ఏడు నెల్లు ఆగిపోయినాడు."

అత్త నా వైపు చూసింది. ఆ చూపులో ఆశ్చర్యమేమీ లేదు.

"తెలుసు. చెప్పినాడు నాకు. పాప తెలుస్తాదనింది, నాకూ ఆ మాటే కావల్సుండె, అందుకే ఇంగేం అడగల్యా అన్నాడు."

నేను దూదిని స్పిరిట్‌లో ముంచి ఆమె మోచేతి మడతలో తుడిచాను. బయట ఉగ్గాని బండి దగ్గర బాణలిలో బజ్జీలు వేగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అయినా ఇప్పుడు నాకు చెప్పిన మాట ఆ పొద్దే ఆయనకు చెప్పింటే బాగుండు గదా పాపా," అంది అత్త. గొంతు పెంచలేదు. ఎరుపంటిన చెయ్యి మరక మీద పెట్టి, పిడికిలి బిగించి, "తియ్యి," అంది.